రాక్షసగుడిలోని ఆవిడ

మా ఆయన నన్ను ‘ఏమే’ అని పిలుస్తాడు. కోపం వస్తే ‘ఒసే’ అంటాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే. మా వైపు మగవాళ్ళందరూ అంతే కాబట్టి నాకూ పట్టింపు లేదు. కానీ మా ఊరి పొలాల్లో ఉన్న దిబ్బ కింద, ఎప్పుడో వేల ఏళ్ళ కిందట పూడ్చిపెట్టిన ఒక ఆడమనిషిని మాత్రం ఆయన ‘ఆవిడ’ అంటాడు. ఆవిడ తల దగ్గర కుండ పెట్టారు, ఆవిడ ఇటు తిరిగి పడుకుంది, ఇలా. ఒకసారి నేను మిషను మీద జాకెట్టుకి చేతులు ఎక్కిస్తుంటే ఎవరితోనో ఆ మాట అంటున్నాడు. ఒక్క క్షణం ఎవరో స్కూలు పంతులమ్మ గురించి చెబుతున్నాడనుకున్నాను.

మాది గురజాల నుంచి లోపలికి వెళ్ళే దారిలో ఒక పల్లె. మిరప చేలు, పత్తి చేలు దాటితే ఒక మెరక వస్తుంది. అక్కడ పెద్ద పెద్ద రాళ్ళు గుండ్రంగా పాతి ఉంటాయి, మధ్యలో మట్టీ రాళ్ళూ కలిసిన దిబ్బ. మావాళ్ళు దాన్ని రాక్షసగుడి అంటారు. అంతంత బండలు మనుషులు ఎత్తలేరు, రాక్షసులే కట్టి ఉంటారని పెద్దవాళ్ళ లెక్క. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అక్కడ మేకలు మేసేవి. తర్వాత ప్రభుత్వం వాళ్ళు వచ్చి చుట్టూ ముళ్ళతీగ వేసి, ఇది రక్షిత స్థలం, రాయి కదపకూడదు, మట్టి తవ్వకూడదు అని నీలం బోర్డు పాతారు. మేకలు మాత్రం తీగ కింద నుంచి దూరి వెళ్ళేవి.

మా ఆయన అప్పట్లో నాపరాళ్ళ లారీ తోలేవాడు. మాట తక్కువ మనిషి. ట్రిప్పు నుంచి వచ్చి అన్నం తిని ‘పడుకుంటన్నా’ అంటే ఆ రోజుకి అదే మాట. నా దగ్గరికి ఎప్పుడూ జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళు వస్తూ పోతూ ఉంటారు కాబట్టి నాకు మాటలకి కొదవ ఉండేది కాదు. ఒకసారి లోడు దించుతుంటే బండ జారి ఆయన పాదం మీద పడింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ క్లచ్చి తొక్కే బలం మళ్ళీ రాలేదు. లారీ వదిలేశాక అరుగు మీద కూర్చుని, రోడ్డు మీద పోయే లారీల వంక చూస్తూ ఉండేవాడు. పలకరిస్తే తలెత్తేవాడు, అంతే.

అదే ఏడు పురావస్తు శాఖ వాళ్ళు దిబ్బ తవ్వడానికి వచ్చారు. ఊళ్ళో కూలి మనుషులు కావాలన్నారు. ఆయన్ని పంపింది నేనే. “కూర్చుని చేసే పనేనంటయ్యా. బ్రష్షుతో మట్టి దులపడమంట. ఇంట్లో గోడలు చూసేకంటే నయం గదా, పో” అన్నాను. నా చేతులారా పంపించానన్న సంగతి ఆ తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నానో.

కొద్ది రోజులకి ఒక సాయంత్రం వాకిట్లోనుంచే “ఏమే, ఇట్రా” అని కేకేశాడు. ఏం జరిగిందోనని మిషను మీంచి లేచి పరిగెత్తాను. మోకాళ్ళ దాకా మట్టి, మొహం వెలిగిపోతోంది.

“ఇయ్యాల పైబండ లేపారే. కింద నాలుగు బండలు నిలబెట్టి పెట్టె లాగా చేశారు. నేను లారీలో తోలిన నాపరాయే. లోపల మనిషి.”

“మనిషా!”

“ఎముకలే. సారు చూసి ఆడమనిషి అన్నాడు. ముప్పై ఏళ్ళు ఉండొచ్చంట. మెడ కాడ మట్టి నేనే దులిపా. ఎర్రగా ఏందో కనపడింది. పూసలు! ఒక్కొక్కటి కందిగింజంత. దానికి బెజ్జం వేశారు చూడూ, ఇప్పుడు మిషను పెట్టినా అంత సన్నగా రాదు. ఆవిడ్ని ముందు చూసింది నేనేనే. సార్లందరూ ఆ తర్వాతే వచ్చారు.”

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేను చూడలేదు. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. నవ్వుతూ, “ఒకటి జేబులో వేసుకురాకపోయావా, నా గొలుసులో గుచ్చుకునేదాన్ని” అన్నాను.

ఆయన మొహం మారిపోయింది. “తప్పు. అయ్యి ఆవిడయ్యి.”

“సరదాకి అన్నానయ్యా.”

“సరదాకైనా అనమాక.”

కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేను చెంబు పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాను. నా మెడలో గొలుసు గిల్టుదని గానీ, అది నేను కొనుక్కున్నదేనని గానీ ఆయనకి తెలుసో లేదో కూడా నాకు అనుమానమే. ఆమె మెడలో పూసల బెజ్జం మాత్రం కళ్ళకి కట్టినట్టు చెప్పాడు. నాలో చిన్న మంట రాజుకున్నది అప్పుడే.

తవ్వకాలు అయ్యాక కుండలు, పూసలు, ఎముకలు అన్నీ పెట్టెల్లో సర్దుకుని పట్నం తీసుకువెళ్ళారు. గొయ్యి మళ్ళీ పూడ్చారు. దిబ్బని కనిపెట్టుకుని ఉండటానికి ఒక మనిషి కావాలంటే, తాత్కాలికంగా మా ఆయన్నే పెట్టారు. ఖాకీ చొక్కా ఉంటే బాగుంటుందన్నారు. ఆ చొక్కా నేనే కుట్టాను. జేబు మీద మూత పెట్టమని, కాలరు గట్టిగా నిలబడాలని దగ్గర కూర్చుని చెప్పాడు. లారీ తోలినన్నాళ్ళూ గుండీలు ఊడిన చొక్కాలతో తిరిగిన మనిషి! పొద్దున్నే తల దువ్వుకుని, ఆ చొక్కా తొడుక్కుని, సైకిలు తుడుచుకుని బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. నేను కుట్టిన చొక్కా వేసుకుని ఇంకొకామె దగ్గరికి పోతున్నట్టే ఉండేది.

ఆవిడ అక్కడ లేదు. పెట్టెలో పట్నం వెళ్ళిపోయింది. అయినా ఆయనకి ఆవిడ అక్కడే ఉంది. దిబ్బ మీద గడ్డి పరక మొలిస్తే పీకేవాడు. రాళ్ళ మధ్య మొలిచిన సర్కారు తుమ్మ కంప కొట్టి శుభ్రంగా ఊడ్చేవాడు. మా అత్తగారి సమాధి ఊరి చివర సమాధుల తోటలో ఉంది. ఈస్టరుకి ముందు అందరూ వెళ్ళి తమవాళ్ళ సమాధులకి కలుపు తీసి, సున్నం కొట్టి, పూలు పెట్టి వస్తారు. ఆ ఏడు మా అత్తగారి సమాధి దగ్గర నేనొక్కదాన్నే కొంగు బిగించి పిచ్చిమొక్కలు పీకాను. ‘దిబ్బ కాడికి సెలవు రోజున జనం వస్తారు’ అని ఆయన అటు వెళ్ళాడు. ఆదివారాలు కూడా అదే వరస. ప్రార్థనకి వెళ్తే చర్చిలో పాస్టరు అయ్యగారు, “ఏమ్మా, మీ ఆయన కనపడటం లేదు” అని అడిగితే డ్యూటీ అని చెప్పేదాన్ని. ఆ మాట అనేటప్పుడు పళ్ళు బిగిసేవి.

ఊళ్ళో ఆడవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? కొలత ఇవ్వడానికి వచ్చిన పక్కింటి అమ్మాయి చేతులు పైకెత్తి నిలబడి, “ఏందొదినా, అన్న దిబ్బ కాడ రెండో కాపరం పెట్టాడంటగా” అంది. ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు కత్తిరించిన జాకెట్టు చంకల్లో పట్టేసింది. ఆ అమ్మాయి తిరిగి తెచ్చి ఇస్తే, మొత్తం విప్పి మళ్ళీ కుట్టి ఇచ్చాను.

ఒకరోజు ఆయన అన్నం క్యారేజీ మర్చిపోయి వెళ్ళాడు. తీసుకుని నడిచి వెళ్ళాను. ముళ్ళతీగ బయట కాలేజీ బస్సు ఆగి ఉంది. ఆడపిల్లలు, మగపిల్లలు గుంపుగా నిలబడ్డారు. మధ్యలో మా ఆయన గొంతు వినిపించింది. నాకు తెలియని గొంతు. తగ్గుతూ, పెరుగుతూ, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ. నేను తుమ్మచెట్టు నీడలో ఆగిపోయాను.

“ఈ చుట్టుపక్కల ఇట్టాంటి బండలు లేవమ్మా. వాగు అవతల నుంచి తేవాల. లారీలు లేవు, క్రేన్లు లేవు. నేను రాళ్ళ లోడుకి పోయినోణ్ణి, నా పాదం మీద ఒక్క బండ పడితేనే నా బతుకు మారిపోయింది. అట్టాంటియ్యి ఇన్ని లాక్కొచ్చారు. ఎంతమంది చేతులు పగిలినయ్యో, ఎవరి కాళ్ళు నలిగినయ్యో. ఎవరి కోసం? ఒక ఆడమనిషి కోసం. అంటే ఆవిడ ఆ ఇంటికి ఎంత ముఖ్యమైన మనిషో ఆలోచించండి.”

ఒకమ్మాయి చున్నీతో కళ్ళు ఒత్తుకుంది. ముఖ్యమైన మనిషి! నేను క్యారేజీని ఆయన సైకిలు హ్యాండిలుకి తగిలించి, ఎవరికీ కనపడకుండా వచ్చేశాను. దారి పొడుగునా ఎండ మొహాన కొడుతుంటే ఒకటే ఆలోచన. ఈయనకి మాటలు రాక కాదు ఇన్నాళ్ళూ మాట్లాడనిది. వచ్చు. నా దగ్గర ఖర్చు పెట్టలేదు, అంతే.

సాయంత్రం ఆయన ఇంటికి రాగానే అడిగేశాను. “నేను చస్తే ఎంత బండ తెస్తావయ్యా?”

“ఏం మాటలే అయ్యి?”

“చెప్పు. ఆవిడకైతే వాగు అవతల నుంచి తెచ్చారంటగా. నాకు ఏడ నుంచి తెస్తావు?”

“నీకు ఎండ దెబ్బ తగిలినట్టుంది, మజ్జిగ తాగు” అని తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళాడు. ఆ తర్వాత చాలా రోజులు నేను ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆ తేడా ఆయనకి తెలియలేదని నా అనుమానం.

అలా ఉండగా ఆయన కంట్లో పొర కమ్మింది. నరసరావుపేటలో ఆపరేషన్ చేయించాం. కొన్నాళ్ళు దుమ్ములోకి, ఎండలోకి వెళ్ళకూడదన్నారు డాక్టరు. ఆయన మంచం మీద నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పడుకుని, కన్ను గురించి కాకుండా దిబ్బ గురించి దిగులు పడ్డాడు. “ఎవురూ లేకపోతే ట్రాక్టర్లోళ్ళు మట్టి తోలుకుపోతారు. ఇంకో మనిషిని పెట్టారంటే మళ్ళీ నాకు ఇయ్యరు.” ఆఫీసుకి ఫోన్ చేస్తే, ఇంట్లోవాళ్ళు ఎవరైనా కూర్చుంటే సరేనన్నారు. మాకు పిల్లలు లేరు. ఇంట్లోవాళ్ళంటే నేనే.

సవతి ఇంటికి కాపలా పోతున్నట్టు వెళ్ళాను. హుక్కులు, కాజాలు కుట్టాల్సిన జాకెట్లు సంచిలో వేసుకుని, ఆయన కట్టుకున్న టార్పాలిన్ నీడలో కూర్చున్నాను. మొదటి రోజంతా దిబ్బ వైపు వీపు పెట్టాను. ఆయన అక్కడ ఎంత నీటుగా పెట్టుకున్నాడో! మంచినీళ్ళ కుండ, దాని మీద కడిగిన గ్లాసు, కట్టగా కట్టిన చీపురు. మా ఇంట్లో తాగిన గ్లాసు ఎక్కడ పెడతాడో వెతుక్కోవాలి నేను.

మాచవరం వైపు నుంచి ఒక స్కూలు పిల్లలు వచ్చారు. వెంట ఒక టీచరమ్మ. చెప్పేవాళ్ళు లేరా అని అడిగింది. “ఆయనకి కంటి ఆపరేషన్ అయిందండీ. నాకేం తెలవదు. చూసి వెళ్ళండి” అన్నాను. వాళ్ళు రాళ్ళ చుట్టూ తిరిగారు. ఒక చిన్నపిల్ల నా చేతిలో పని చూస్తూ వచ్చి నిలబడి, “లోపల పూసలు దొరికినయ్యంట గదా. చచ్చిపోయినాక పూసలు ఎట్టా వేసుకుంది?” అని అడిగింది.

సూది పక్కన పెట్టాను. ఆ పిల్లకి మాత్రమే చెబుదామని మొదలుపెట్టాను. “తను ఎట్టా వేసుకుంటది తల్లీ? ఎవరో వేశారు. మా అత్త పోయినప్పుడు నేనే నీళ్ళు పోశా. ఒళ్ళు బిగుసుకుపోయిద్ది, చెయ్యి ఎత్తితే మాట వినదు. నెమ్మదిగా, నొప్పి పుట్టిద్దేమో అన్నట్టు పట్టుకోవాల. తల తుడిచి, జుట్టు చిక్కు తీసి, కొత్త చీర కట్టాం. ఆ పనంతా ఆడోళ్ళదే. మగోళ్ళు బయట గొయ్యి తవ్వుకుంటా ఉంటారు. ఈమెక్కూడా అంతే. ఆ పూసల దారం మెడ వెనక ముడేసింది ఒక ఆడమనిషి. అక్కో, చెల్లెలో, కోడలో. ముడి వేసేటప్పుడు ఆమె మొహం ఈమె మొహానికి ఎంత దగ్గరగా ఉండి ఉంటదో.”

తలెత్తి చూస్తే పిల్లలందరూ చుట్టూ చేరి ఉన్నారు. టీచరమ్మ ఫోన్ పట్టుకుని నిలబడిపోయింది. అప్పటిదాకా నాకూ తెలియదు, ఆ మాట నాలో ఉందని. ఆవిడ్ని తలుచుకుంటే ఆ రోజు మాత్రం మంట పుట్టలేదు. ఆవిడ పక్కన కూర్చున్న ఆ రెండో ఆడదాన్ని తలుచుకున్నాను. ఆమె సంగతి మా ఆయన ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత వేరే స్కూళ్ళవాళ్ళు కూడా వచ్చారు. “అమ్మ చెప్పిద్దంటగా, అమ్మని పిలవండి” అనేవారు. నేను కూడా గంజి పెట్టిన చీర కట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టాను.

ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన మంచం మీద బిగుసుకుని కూర్చున్నాడు. ఆ టీచరమ్మ ఆయన నంబరు సంపాదించి ఫోన్ చేసిందట.

“చానా బాగా చెప్పావంట. ఏడుపొచ్చిందంట ఆమెకి.” నల్ల కళ్ళద్దాలు గోడ వైపు తిరిగి ఉన్నాయి. “ఏం చెప్పావే?”

చెప్పాను. మొత్తం విన్నాడు.

“బండలు లాగిన సంగతి?”

“అది నీ కథ. నేను చెప్పలా.”

“అది చెప్పకపోతే ఇంకేందే చెప్పేది? ఇన్ని బండలు లాగినోళ్ళు ఏమైపోవాల? పూసలు చూసింది నేను. మట్టి దులిపింది నేను. నువ్వు ఒక్కనాడన్నా తొంగి చూశావా?”

“తొంగి చూడనిచ్చావా?”

“ఆవిడ సంగతి నీకేం తెలుసని!”

“నీళ్ళు పోసిన చేతులు నాయి. నాకు తెలవక నీకు తెలిసిద్దా?”

ఆ రోజు ఆయన అన్నం సగంలో లేచాడు. మర్నాడు నేను ఒక గుంపుకి చెబుతుండగా ఆటో వచ్చి ఆగింది. డాక్టరు వద్దన్న ఎండలో, కళ్ళద్దాలతో, తల చుట్టూ తువ్వాలు కట్టుకుని దిగాడు. నేరుగా వచ్చి నా పక్కన నిలబడి, నేను ఊపిరి తీసుకోవడానికి ఆగగానే, “ఆ పూసలు ముందు చూసింది నేనండీ” అన్నాడు గుంపుతో. వాళ్ళు ఆయన వైపు తిరిగారు. ఆయన బండల సంగతి ఎత్తుకున్నాడు. అయితే వెనకనుంచి ఒకావిడ, “ఆమెని చెప్పనివ్వండి, స్నానం చేయించేది ఆపేసింది” అంది. మా ఆయన నోరు మూసుకున్నాడు. మెడ మీద నరం కొట్టుకోవడం నాకు కనిపించింది. అసూయ! నా వల్ల. పెళ్ళయ్యాక ఆయనకి నా వల్ల ఇంత గట్టిగా ఏదైనా అనిపించడం అదే మొదలు. చల్లటి నీళ్ళు తాగినట్టయింది నాకు. దాచడం ఎందుకు, ఆ రోజు కావాలనే ఇంకాస్త సాగదీసి చెప్పాను.

కన్ను బాగయ్యాక ఆయన చోటు ఆయన తీసుకున్నాడు. నేను మిషను దగ్గరకి వచ్చేశాను. ఎవరైనా అమ్మ లేదా అని అడిగితే, “ఇంట్లో పని ఉండి రాలా” అని ఆయన చెబుతున్నాడని తర్వాత తెలిసింది. నాతో ఆ మాట చెప్పలేదు.

ఆ పూసలు పట్నం మ్యూజియంలో పెట్టారని తవ్వకాలప్పటి సారు ఫోన్ చేసి చెప్పాడు. ఆయన వెళతానన్నాడు. నేనూ వస్తానన్నాను. వద్దని అనలేకపోయాడు. బస్సులో వెళ్ళాం. అద్దాల పెట్టెలో నల్లగుడ్డ మీద ఎర్రపూసలు వరసగా పెట్టి ఉన్నాయి. చిన్నవి. ఒకదాని అంచు చిట్లింది. ఇన్నేళ్ళు వీటి మీదా నేను కుళ్ళుకున్నది అనిపించింది. ఆయన అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూశాడు. తర్వాత అక్కడి ఉద్యోగిని అడిగాడు.

“ఆవిడ ఏదండీ?”

“ఎవరు?”

“ఈ పూసలు ఉన్నావిడ.”

ఎముకలు బయట పెట్టరని, లోపల స్టోరు గదిలో భద్రంగా ఉంటాయని, అది చూడటానికి వీలుండదని అతను మర్యాదగానే చెప్పాడు. మా ఆయన తలూపి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. చేతిలోని మ్యూజియం టికెట్టుని మడుస్తూ, విప్పుతూ, మళ్ళీ మడుస్తూ ఉన్నాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా ఆయన అలా అవడం నేను చూడలేదు. నాకు జాలి వేసింది. దాని పక్కనే పాత మంట కూడా భగ్గుమంది. రెండూ ఒక్కసారే. అది పోయిందనుకున్నాను, పోలేదు. ఎదురుగా బండి మీద చెరుకురసం తెచ్చి చేతికిచ్చాను. తాగాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు సత్తెనపల్లి దాటింది. ఆయన కిటికీ వైపు తిరిగే ఉన్నాడు. నేను నిద్ర పోదామని కళ్ళు మూసుకున్నాను.

“ఏమే.”

“ఊఁ.”

“నువ్వు పిల్లలకి చెప్పేది చెప్పు. నీళ్ళు పోసేది. అప్పుడు మనసు పెట్టి ఇనలా.”

“ఇప్పుడా? బస్సులోనా?”

“మెల్లిగా చెప్పు.”

చెప్పాను. చెయ్యి ఎలా పట్టుకోవాలో, తల ఎలా ఒళ్ళో పెట్టుకోవాలో. ఈసారి ఆయన ఎక్కడా అడ్డం రాలేదు. ముందు సీట్లో ముసలామె చెవి ఇటు పడేసి వింటోంది. జుట్టు చిక్కు తీసే దగ్గరికి వచ్చేసరికి ఆయన నా వైపు తిరిగాడు.

“అప్పట్లో దువ్వెన ఉంటదంటావా?”

“ఉండకుండా ఎట్టా? జుట్టున్నాక దువ్వుకోరా?”

“తవ్వినప్పుడు దొరకలేదే.”

“చెక్కది అయ్యుంటది. మట్టిలో కలిసిపోయి ఉంటది.”

“అయ్యుండొచ్చు” అన్నాడు. మళ్ళీ నా వైపు వంగి, “చెక్కది చేసుంటారు. చెక్కింది మాత్రం మగోడే” అన్నాడు.

“సరే, అది నీకిచ్చేశా” అన్నాను.